అద్దె కారుకు విడిగా ఎక్సెస్ బీమా అవసరమా?

ప్రశ్న: మే నెలలో మేమిద్దరం ఎడిన్‌బరోలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. పది రోజులు కారు అద్దెకు తీసుకుని స్కాట్లాండ్ కొండ ప్రాంతాలు చూడాలని ఉంది. మావారు నడుపుతారు. బుకింగ్ కాగితంలో బీమా ఉందని చెబుతూనే ‘ఎక్సెస్ 1,500 పౌండ్లు’ అని రాశారు. దానికోసం విడి పాలసీ ఇప్పుడే కొనమని అమ్మాయి అంటోంది. కారు తీసుకునేటప్పుడు కౌంటర్లో కట్టేస్తే గొడవ ఉండదని మావారి మాట. ఎవరి మాట వినాలి?
- ఒక పాఠకురాలు, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: అమ్మాయి మాటే వినండమ్మా. కాకపోతే కొనే ముందు ఆ పాలసీలోని ఒక నిబంధనను మీరే కళ్లారా చదవాలి.

మన దగ్గర కారు బీమాకు క్లెయిమ్ పెడితే 1,500 సీసీ వరకు ఉన్న బండికి మొదటి 1,000 రూపాయలు, అంతకు మించితే 2,000 మనమే భరిస్తాం. ఎక్సెస్ అంటే ఆ వాటాయే. మీ అద్దె కారుకు అది లక్షన్నర రూపాయల పైమాట! అద్దెతో వచ్చే బీమా ఆపై నష్టాన్నే చూసుకుంటుంది. ఈ వాటాను తగ్గించడానికి కౌంటర్లో రోజుకు 15 నుంచి 25 పౌండ్ల దాకా అడగడం మామూలే. విడి పాలసీ సాధారణంగా రోజుకు నాలుగైదు పౌండ్లలో దొరుకుతుంది.

చిత్తూరు జిల్లాలో ఏళ్ల తరబడి మోటారు సర్వేయరుగా, అంటే బీమా క్లెయిముల కోసం బండి నష్టాన్ని లెక్కగట్టే పనిలో, ఉన్నవాణ్ణి. తిరుమల ఘాట్ రోడ్డులో దెబ్బతిన్న కారు వస్తే ముందు చక్రాల దగ్గర కూర్చునేవాణ్ణి. పిట్టగోడకు రాసుకున్న రిమ్ము, పక్కనే టైరు గోడ మీద గోరంత కోత. అలాంటి టైరుకు పంక్చరు అతుకు పనికిరాదు, మార్చాల్సిందే. మీరు చూడాలనుకుంటున్న కొండ ప్రాంతాల్లో, అంటే హైల్యాండ్స్‌లో, చాలా దారులు ఒక్క బండి పట్టేంత వెడల్పే. ఎదురుగా బండి వస్తే దారివ్వడానికి కట్టిన జాగాలో ఆగాలి. చక్రం అంచు దిగితే రాయి తగులుతుంది. అద్దెతో వచ్చే బీమా చాలాసార్లు టైర్లను, అద్దాలను, కారు అడుగు భాగాన్ని వదిలేస్తుంది. మంచి విడి పాలసీలో ఇవన్నీ ఉంటాయి. ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇక ఆ నిబంధన. బ్రిటన్‌లో అమ్మే ఇలాంటి పాలసీలు చాలావరకు అక్కడ నివాసం ఉండేవారికే. భారత్‌లో ఉండేవారికీ వర్తిస్తుందని స్పష్టంగా రాసి ఉన్నదే కొనండి. అమ్మాయి చిరునామా రాసేస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే వినకండి, క్లెయిమ్ రోజున అదే మెడకు చుట్టుకుంటుంది. అద్దె ఒప్పందం మీద సంతకం చేసేది మీవారు కాబట్టి పాలసీ ఆయన పేరుతోనే ఉండాలి. కారు తీసుకోక ముందే కొనాలి.

మీవారి భయంలోనూ అర్థం ఉంది. విడి పాలసీ ఉన్నా అద్దె సంస్థ నష్టాన్ని ముందు మీ కార్డు నుంచే తీసుకుంటుంది. రసీదులు పంపాక బీమా సంస్థ తిరిగి ఇస్తుంది. పైగా కారు ఇచ్చేటప్పుడే ఎక్సెస్ మొత్తాన్ని కార్డులో నిలిపి ఉంచవచ్చు. ఆయన పేరున ఉన్న క్రెడిట్ కార్డుకు అంత పరిమితి ఉందా? లేకపోతే కౌంటర్లోనే కట్టేయండి. ప్రయాణంలో డబ్బుకు తడుముకోవడం కంటే అదే నయం. పరిమితి ఉంటే మాత్రం, మీ పాలసీ ఇక్కడ చెల్లదని కౌంటర్లో ఎంత చెప్పినా కంగారు పడకండి. అది మీకూ మీ బీమా సంస్థకూ మధ్య ఒప్పందం.

కారు చేతికి రాగానే నాలుగు చక్రాలూ, ముందు అద్దం, పైకప్పు ఫోటోలు తీయండి. ఉన్న ప్రతి గీతనూ, చొట్టనూ వాళ్ల కాగితంలో రాయించండి. తిరిగి ఇచ్చేటప్పుడు సిబ్బంది లేక తాళాన్ని పెట్టెలో వేసి వెళ్లమంటే, ఆ ఫోటోలే మళ్లీ తీసి, మీటరునూ ఇంధనం ముల్లునూ కూడా తీసి, ఆ తర్వాతే తాళాన్ని పెట్టెలో వేయండి.