సముద్రపు తొట్టికి లైటు: ఎంత పెడితే చాలు?

ప్రశ్న: మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న తొట్టిలో సముద్రపు అక్వేరియం మొదలుపెడుతున్నాను. ముందు రెండు క్లౌన్ చేపలు, ఆరు నెలలయ్యాక కొన్ని మెత్తటి కోరల్స్ (పగడపు జీవులు) పెట్టాలని ఉంది. ఒక షాపువాళ్లు 28 వేల లైటు తప్ప ఇంకేదీ పనికిరాదన్నారు. ఇంకోచోట 1,200 రూపాయల ఎల్‌ఈడీ పట్టీ చాలన్నారు. నేను పెట్టగలిగింది ఎనిమిది వేలు. ఏం కొనమంటారు?
— పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: తొట్టిలో ఏం పెంచుతారన్నది తేలకుండా లైటు ధర మాట్లాడకూడదు. చేపలకైతే ఆ పట్టీ చాలు. రాత్రీ పగలూ తేడా తెలిస్తే వాటికి సరిపోతుంది, మిగిలిన వెలుతురంతా మనం చూసుకోవడానికే. కోరల్స్ సంగతి వేరు. వాటి ఒంట్లో జూజాంథెల్లే అనే సూక్ష్మమైన నాచు ఉంటుంది. అది వెలుతురుతో ఆహారం తయారుచేసి, అందులో పెద్ద వాటా కోరల్‌కు ఇస్తుంది. మీరు లైటు కొనేది నిజానికి ఆ నాచు కోసం.

నాచు వాడుకోగల వెలుతురును పార్ అనే లెక్కలో కొలుస్తారు. మష్రూమ్, జోయాంథిడ్, లెదర్ లాంటి మెత్తటి వాటికి 50 నుంచి 100 పార్ సరిపోతుంది. పెద్ద కండతో ఉండే రాతి కోరల్స్‌కు 80–150, కొమ్మల్లా పెరిగే వాటికి 200 పైనే కావాలి. 28 వేల లైటు ఈ చివరి రకానికి. మీరు పెంచబోయేది మొదటి రకం. ఎనిమిది వేలు తక్కువేమీ కాదు.

ఆ డబ్బుకు మీరు వెతకాల్సింది, పెంపకందార్లు ‘బ్లాక్ బాక్స్’ అనే నల్లటి పెట్టె లైటు. మీద 165 వాట్లు అని రాసి ఉంటుంది. లోపల మూడు వాట్ల ఎల్‌ఈడీలు 55 ఉంటాయన్న లెక్క అది. పూర్తిగా పెంచినా నిజంగా లాగే కరెంటు 100–120 వాట్లే, కాబట్టి ఆ అంకె చూసి బిల్లుకు భయపడకండి. నీలానికి ఒకటి, తెలుపుకు ఒకటి విడివిడిగా తిప్పే నాబ్‌లు ఉన్నదే తీసుకోండి. రిమోట్‌తో పదహారు రంగులు మారేది వద్దు. అందులో ఎరుపు, ఆకుపచ్చ కంటికి బాగుంటాయి గానీ కోరల్‌కు పెద్దగా ఒరిగేదేమీ లేదు. సముద్రంలో కాస్త లోతుకు వెళ్లేసరికి ఎరుపును నీళ్లు మింగేస్తాయి, మిగిలేది నీలం. జూజాంథెల్లే కూడా 420–480 నానోమీటర్ల నీలాన్నే బాగా వాడుకుంటుంది.

పెట్టెను నీటి మట్టానికి 10 అంగుళాల పైన వేలాడదీయండి. ఇంకా కిందికి దించితే నడిమధ్య మాడుతుంది, అంచులు చీకటిగా ఉంటాయి. ఒక పెట్టె బాగా వెలిగించేది సుమారు రెండడుగుల చదరం. మీది మూడడుగుల తొట్టి కాబట్టి రాళ్లు మధ్యలో పేర్చి, రెండు చివర్లా ఇసుక వదిలేయండి. మష్రూమ్‌లను ఆ నీడ అంచున పెడితే హాయిగా ఉంటాయి.

సెకండ్ హ్యాండ్‌లో దొరికినా తీసుకోవచ్చు. అమ్మేవాళ్ల దగ్గరే ఇరవై నిమిషాలు వెలిగించి చూడండి. ఎల్‌ఈడీలు వరసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒకటి తెగితే ఆ వరసంతా ఆరిపోతుంది. ఫ్యాన్ గరగరమంటుంటే దాన్ని మార్చే ఖర్చు ధరలో తగ్గించమనండి. వైరు గుచ్చేచోట ఆకుపచ్చ చిలుము కనబడితే మాత్రం వదిలేయండి. ఉప్పు లోపలికి దిగిందన్నమాట, అది ఎక్కువ రోజులు నిలవదు.

టీ5 అనే సన్నటి ఫ్లోరసెంట్ ట్యూబులు మంచివే, వెలుతురు తొట్టంతా సమానంగా పరుస్తాయి. కానీ 9–12 నెలలకు ట్యూబులన్నీ మార్చాలి, ఆ నీలం ట్యూబులు మన ఊళ్లలో దొరకడం కష్టం. కొన్నప్పుడు చవకనిపించి తర్వాత ఖర్చు పెట్టిస్తాయి. బాగా వేడెక్కే మెటల్ హలైడ్ దీపాల జోలికి అసలు పోవద్దు. నీళ్లు 25–27 డిగ్రీల మధ్య ఉండాల్సిన తొట్టి మీద, మన మే నెలలో అది పొయ్యితో సమానం.

ఒక మాట ముందే చెప్పాలి. క్లౌన్ చేపలున్నాయి కదా అని, సముద్రంలో అవి ఆశ్రయం తీసుకునే అనిమోన్ అనే జీవిని కొనకండి. దానికి వెలుతురు ఎక్కువ కావాలి, తొట్టి బాగా కుదురుకుని ఉండాలి. అది లేకపోయినా క్లౌన్ చేపలు నిశ్చింతగా బతుకుతాయి.

ప్రశ్న: లైటు 12 గంటలు, రెండు నాబ్‌లూ పూర్తిగా పెట్టి వాడుతున్నాను. లెదర్ కోరల్ తెల్లబడి ముడుచుకుపోయింది. గాజు మీద, రాళ్ల మీద పచ్చటి నాచు. లైటు చవకది కావడం వల్లేనా?
— పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: లైటు మంచిదే, మోతాదు ఎక్కువైంది. మొదటిసారి పెంచేవాళ్ల తొట్లలో వెలుతురు చాలక పోయిన కోరల్స్ కంటే, ఎక్కువై పోయినవే ఎక్కువ. వెలుతురు భరించలేనంత అయితే కోరల్ తన ఒంట్లోని జూజాంథెల్లేను బయటకు తోసేస్తుంది. తెల్లబడడం అంటే అదే. ఇంకా చనిపోలేదు, కానీ తిండి పెట్టేది వెళ్లిపోయింది.

ఈరోజే నీలం 30 శాతానికి, తెలుపు 5 శాతానికి దించండి. నాబ్ మీద అంకెలు లేకపోతే పూర్తి తిప్పుడులో మూడో వంతు కంటే కాస్త తక్కువ. వెలిగే సమయం 8 గంటలు చేయండి. కోరల్‌ను రాయి మీంచి ఇసుక మీదికి, ఒక పక్కకు మార్చండి. రెండు వారాలు ఏమీ ముట్టుకోకండి. రంగు తిరిగొస్తుంటే వారానికి ఐదు శాతం చొప్పున నీలాన్ని మాత్రమే పెంచుతూ 50 దగ్గర ఆపండి. మధ్యలో కోరల్ మళ్లీ తెల్లబడి ముడుచుకుంటే వెనకటి మెట్టుకు వెళ్లండి. లెదర్ కోరల్ అప్పుడప్పుడూ పై పొర వదలడానికి కొద్ది రోజులు మైనంలా మెరుస్తూ ముడుచుకుంటుంది. అది జబ్బు కాదు, రంగు పోకుండా ముడుచుకుంటే కంగారు పడకండి.

వెలుతురు చాలకపోతే గుర్తులు వేరు. మష్రూమ్‌లు అంచులు సాగదీసి పళ్లెంలా పరుచుకుంటాయి, జోయాంథిడ్‌లు కాడలు పొడుగు చేసి పైకి ఎగబాకుతాయి. ఆ సాగడం చూశాకే లైటు పెంచాలి.

ఫోన్‌లో లక్స్ యాప్ పెట్టి కొలిస్తే మోసపోతారు. లక్స్ మన కంటికి తగ్గ కొలత, పసుపు–ఆకుపచ్చలకే విలువ ఎక్కువ ఇస్తుంది. నీలం లైటు కింద అది తక్కువ చూపిస్తుంది, మీరు ఇంకా పెంచుతారు. తోటి పెంపకందార్ల దగ్గర పార్ మీటరు ఉంటే ఒక పూట అడిగి తెచ్చుకోండి.

ఇక నాచు. లైటు తగ్గిస్తే నెమ్మదిస్తుంది గానీ పోదు. దాని తిండి నైట్రేట్, ఫాస్ఫేట్. కుళాయి నీళ్లో బోరు నీళ్లో పోస్తుంటే ఆపేసి, ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాలనూ లాగేసే డీఐ రెజిన్ గుండా వచ్చిన, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల) మీటరు సున్నా చూపించే నీళ్లలోనే ఉప్పు కలపండి. ఇంట్లో తాగే ఆర్‌ఓ నీళ్లు ఆ సున్నాకు రావు.

ఇంకో చిన్న విషయం. చక్రంలా తిరిగే మామూలు టైమరు కరెంటు పోగానే ఆగిపోతుంది. రోజూ గంట కోత ఉంటే వారానికి ఏడు గంటలు వెనకబడి, అర్ధరాత్రి లైటు వెలుగుతుంటుంది. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరు కొనండి.

ప్రశ్న: అడుగున్నర చదరపు చిన్న తొట్టికి లైటు నేనే చేసుకోవచ్చా? సోల్డరింగ్ వచ్చు.
— పాఠకుడు, గుంటూరు

జవాబు: చేసుకోవచ్చు. 450 నానోమీటర్ల రాయల్ బ్లూ మూడు వాట్ల ఎల్‌ఈడీలు 12, తెలుపువి 6 తీసుకోండి. ‘నీలం’ అని మాత్రమే రాసినవి చాలావరకు 465 పైన ఉంటాయి, కోరల్ అంత మెరవదు. రెక్కలున్న అల్యూమినియం హీట్ సింక్ మీద థర్మల్ పేస్ట్ పలచగా రాసి బిగించండి. నీలానికి ఒక డ్రైవరు (ఎల్‌ఈడీలకు తగ్గట్టు కరెంటు ఇచ్చే పరికరం), తెలుపుకు ఒకటి. ఒక్కో ఎల్‌ఈడీకి సుమారు 3.3 వోల్టులు, అంటే 12 నీలానివి వరసగా కలిపితే 40 వోల్టులు. 600 మిల్లీ ఆంపియర్ల స్థిర కరెంటు డ్రైవరు మీద రాసిన వోల్టుల హద్దుల్లో ఈ 40 ఉండాలి. ఆరు తెలుపువాటికి 20. కరెంటు ఇచ్చే ముందు మల్టీమీటరుతో ప్రతి సోల్డర్ చుక్కకూ హీట్ సింక్‌కూ మధ్య చూడండి. ‘బీప్’ వస్తే అక్కడ తాకుతోంది, వెలిగిస్తే ఎల్‌ఈడీలు కాలిపోతాయి.

ఐసొలేటెడ్ డ్రైవరే వాడండి. మామూలు చవక బల్బు డ్రైవర్లలో మెయిన్స్ కరెంటుకూ ఎల్‌ఈడీకీ మధ్య అడ్డు ఉండదు, కింద ఉన్నది ఉప్పునీరు. కొన్నదైనా చేసుకున్నదైనా, లైటును గొలుసుతో గోడకో పైకప్పుకో బిగించండి. వైరు సాకెట్టు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లాలి, అప్పుడు జారే నీటి బొట్టు ఆ వంపులోనే రాలిపోతుంది. తొట్టి లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించకుండా అందులో చెయ్యి పెట్టకండి.

ప్రశ్న: కొమ్మల కోరల్ ‘మన సముద్రానిదే, చవక’ అని ఒకరు అమ్ముతున్నారు. కొని పెద్ద లైటు పెట్టమంటారా?
— పాఠకుడు, కాకినాడ

జవాబు: కొనకండి. రాతి కోరల్స్ అన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. మన సముద్రం నుంచి తీయడం, అమ్మడం, కొనడం నేరం. విదేశీవని చెప్పేవాటికైనా దిగుమతి కాగితాలు చూపించమనండి.

ప్రశ్న: రాత్రంతా నీలం లైటు సన్నగా వెలిగించి ఉంచితే చేపలకు మంచిదా?
— పాఠకురాలు, నెల్లూరు

జవాబు: అవసరం లేదు. చేపలకు చీకటి కావాలి, కోరల్స్‌లో చాలావరకు చీకట్లోనే నోరు తెరిచి తింటాయి. పడుకునే ముందు అరగంట సన్నటి నీలంలో చూసుకుని ఆర్పేయండి.