అన్న చేతులు పట్టుకోవాల్సిన ఆదివారం

జమ్మలమడుగు దగ్గర ఒక ఊరి నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. వయసు 38, టీచరు. తాతల నాటి నుంచీ అదే చర్చి, మన వాడుకలో గుడి. ఇప్పుడు ఆ గుడి గడప తొక్కాలంటే మనసు రావడం లేదంటోంది. కమిటీ ఎన్నికలకు డబ్బు కవర్లు పంచుతున్నారట. పాస్టరు అయ్యగారికి అన్నీ తెలుసు, అయినా ట్రాన్స్‌ఫర్ భయంతో నోరు మెదపరట. కోతపండుగ కానుకల వేలంలో కమిటీ సెక్రటరీ ఒక గుమ్మడికాయను 5,000 రూపాయలకు పాడితే గుడంతా చప్పట్లు కొట్టింది. వాళ్ళమ్మ బీపీ మాత్రలు మాత్రం ఆ నెల కూడా ఈమే కొనిచ్చింది. ఆ సెక్రటరీ ఈమె సొంత అన్న.

‘ఇంత వేషధారణ మధ్య నా విశ్వాసం నిలబడదు. బైపాస్ దగ్గర కొత్తగా ఒక ప్రార్థనా మందిరం పెట్టారు, అక్కడికి మారితే తప్పా?’ అని అడిగింది.

తల్లీ, నీ ప్రశ్నకు జవాబు ఒక్క ముక్కలో చెప్తాను. మారొద్దు. ఆ కొత్త మందిరానికీ ఒక కమిటీ వస్తుంది, ఆ కమిటీకీ ఒక సెక్రటరీ వస్తాడు. ఇక ఆ సంగతి వదిలేయ్.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగు పేజీలూ గుడి గురించే. మూడో పేజీ అడుగున మాత్రం రెండు లైన్లు ఉన్నాయి: ‘నాయన పోయాక బ్యాంకు లోను కోసమని చెప్పి అన్న నాతో, అమ్మతో రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టించుకున్నాడు. అది మా వాటా వదులుకుంటున్నామనే హక్కు విడుదల పత్రమని 16 నెలల కిందట తెలిసింది.’ ఆ వెంటనే మళ్ళీ కవర్ల గొడవలోకి పోయావు. కవర్లు ఇప్పుడు మొదలయ్యాయా? నీ చిన్నప్పుడు లేవా? అప్పుడు నీ విశ్వాసానికి ఏమీ కాలేదే! నిన్ను కోస్తున్నది సంఘం కాదమ్మా, మీ అన్న.

ఇంకో మాట కూడా రాశావు, అది చదివి నేను ఆగిపోయాను. సంస్కారం, అంటే ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారం, ఒకరికొకరు చేతులతో ‘సమాధానం’, అంటే శాంతి, అందించేటప్పుడు అన్న నీ వరసలోకి వస్తాడు. అతని కుడి అరచేయి నీ కుడి అరచేతికి ఆనుతుంది, ఎడమ చేయి పైన మూసుకుంటుంది. నువ్వు తల దించుకుంటావు. తర్వాత సంస్కారం తీసుకునే బల్ల దగ్గరికి పోకుండా బెంచీలోనే కూర్చుంటావు. సంస్కారం తీసుకోవడానికి సిద్ధం చేసే కన్ఫర్మేషన్ క్లాసులకు పోతున్న మీ పాప ‘మామ చేతులు పట్టుకుంటే ఎందుకమ్మా ఏడుస్తావు?’ అని అడిగింది.

మన దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) 1947లో ఏర్పడింది. 1950లో బల్ల ఆరాధన క్రమం తెచ్చినప్పుడు ఈ చేతుల పద్ధతిని అందులో పెట్టారు. నోటితో శాంతి అంటే చాలదు, పక్కవాడి చేయి తగలాలని దాని అర్థం. ఆ పద్ధతి నీ విషయంలో దాని పని అది చేసింది. గుడిలో అన్నీ నటనే అంటున్నావే, ఆ ఒక్క నిమిషం మాత్రం నటించడానికి నీ ఒళ్ళు ఒప్పుకోలేదు. విశ్వాసం పోయినవాళ్ళకు అలా ఏడుపు రాదు.

సహోదరునికి నీ మీద విరోధం ఉంటే అర్పణ బలిపీఠం ముందర విడిచిపెట్టి పో, మొదట అతనితో సమాధానపడు అని మత్తయి సువార్త 5లో ఉంది. ఎవరికి చెప్పిన మాట అది? తప్పు చేసి, ఎదుటివాడి కడుపు మండించినవాడికి. బల్ల దగ్గర ఆగిపోవాల్సింది మీ అన్న. అతను నిక్షేపంగా కానుకల సంచి తిప్పుతున్నాడు, నువ్వు 16 నెలలుగా పస్తుంటున్నావు. ఇదేం న్యాయం? ఎవరి శిక్ష ఎవరు మోస్తున్నారు?

బైబిల్లో సమూయేలు తల్లి హన్నా సంగతి గుర్తు తెచ్చుకో. షిలోహు మందిరంలో యాజకుడు ఏలీ, అతని కొడుకులూ యాజకులే. బలి మాంసం ఇంకా కుండలో ఉడుకుతుండగానే ఆ కొడుకులు మూడు ముళ్ళ కొంకి గుచ్చించి, పైకి వచ్చిందంతా పట్టుకుపోయేవాళ్ళు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. హన్నా అయినా ఏటా అక్కడికే వెళ్ళింది. గుండె పగిలి ప్రార్థిస్తుంటే ఏలీ ఆమెను తాగి వచ్చావా అన్నాడు. ఆమె నోరు మూసుకుని లేచి రాలేదు. కాదు నా యేలినవాడా, నేను మనోదుఃఖంతో ఉన్నాను అని నిలబడి చెప్పింది. నాకు ఆమె ప్రార్థన కంటే ఆ జవాబే ఎక్కువ ఇష్టం. గుడి విడవలేదు, మాట పడనూలేదు.

సంఘంలో అంతా లాభం కోసమే అనే నింద మన రాయలసీమలో కొత్తది కాదు. 1876-78 ధాత కరువులో, ఆ తర్వాత సంఘంలో కలిసినవాళ్ళను గంజి కోసం కలిసినోళ్ళు అన్నారు. మా అవ్వ ఆ మాట పడుతూనే పెరిగింది. బావి దగ్గర విన్నది, సంతలో విన్నది. ఆదివారం మాత్రం చాప చంకన పెట్టుకుని అందరికంటే ముందు పోయేది. ఎవరి కోసం పోతున్నదో ఆమెకు తెలుసు.

ఇక మీ అన్న. పోయిన ఏడు ప్రసంగంలో నీ వైపు చూస్తూ ‘విశ్వాసులు కోర్టుకెక్కకూడదు, 1 కొరింథీ 6’ అన్నాడని రాశావు. అదే అధ్యాయంలో ఇంకో నాలుగు లైన్లు కిందికి చదవమను. మీరే అన్యాయం చేస్తున్నారు, అపహరిస్తున్నారు, అదీ మీ సహోదరులకే చేస్తున్నారు అని ఆ పత్రిక రాసిన పౌలు తిట్టాడు. సంఘంలో తీర్పు చెప్పగల బుద్ధిమంతుడు ఒక్కడైనా లేడా అని కూడా అడిగాడు. మోసం చేసినవాడు దాక్కోవడానికి రాసిన అధ్యాయం కాదది.

క్షమించడం వేరు, ఊరుకోవడం వేరు. నువ్వు ఇన్నాళ్ళూ ఊరుకుని, దానికి క్షమ అని పేరు పెట్టుకున్నావు. అన్నతో ఈ విషయం ఒక్కసారి కూడా మాట్లాడలేదని నువ్వే రాశావు! మత్తయి 18లో వరస స్పష్టంగా ఉంది. మొదట నువ్వూ అతనూ ఒంటరిగా. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని, అంటే మీ మేనమామను, సంఘంలో అన్న మాట తీసెయ్యలేని పెద్దమనిషిని. అప్పటికీ వినకపోతే సంఘానికి, అంటే అయ్యగారికి. ఆయన అప్పుడైనా నోరు తెరవక తప్పదు.

పోయేముందు రిజిస్ట్రారు ఆఫీసులో ఆ పత్రం సర్టిఫైడ్ కాపీ తీసుకో. మీ నాయన వీలునామా రాయలేదన్నావు. క్రైస్తవులకు వర్తించే 1925 భారత వారసత్వ చట్టం ప్రకారం భార్యకు మూడో వంతు, మిగిలింది కొడుకుకూ కూతురికీ సమానం. మీ ముగ్గురికీ తలా మూడో వంతు వస్తుంది. ‘పెళ్ళికి పెట్టాం కదా’ అంటాడు. పెళ్ళికి ఇచ్చింది వాటాలో కొయ్యడానికి ఆ చట్టం ఒప్పుకోదు. పత్రం రద్దు కోరడానికి మోసం తెలిసిన రోజు నుంచి 3 ఏళ్ళే గడువు, నీకు 16 నెలలు అయిపోయాయి. కడపలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఇప్పుడే కేసు వేయమని నేను అనడం లేదు. గడువు జారిపోనివ్వకు అంటున్నాను.

‘గొడవ పెట్టుకోవద్దు, గుడిలో పరువు పోతుంది’ అంటోంది మీ అమ్మ. ఆమె భయం నాకు అర్థమైంది, ఆ ఇంట్లో అన్నం తినాలి కదా. కానీ ఆమె మూడో వంతు కూడా ఆ సంతకంలోనే పోయిందని ఆమెకు ఎవరన్నా చెప్పారా? నువ్వు చెప్పు.

అన్న దగ్గరికి ఆదివారం పోవద్దు, గుడి ముందర అసలే వద్దు. వారం మధ్యలో, స్కూలు అయ్యాక పో. కాపీ బల్ల మీద పెట్టి, ‘అన్నా, ఇది నువ్వు లోను కాగితం అన్నావు’ అని ఆగు. నాయన పేరు తీసి ఏడవకు. అతను మాట్లాడేదాకా నువ్వు మాట్లాడకు.

వచ్చే సంస్కారం ఆదివారం నువ్వు బల్ల దగ్గరికి పో. పాపకు మాత్రం ‘ఏం లేదమ్మా, కంట్లో నలక పడింది’ అని చెప్పొద్దు. ‘మామ నా పట్ల ఒక తప్పు చేశాడు, నేను పోయి మాట్లాడాను’ అని చెప్పు.