కమాను అంచుకి చేత్తో బీడింగ్

ప్రశ్న: మేస్త్రి గారూ, మా తాతగారి నాటి టేకు పూజామందిరం ముందు కమానుని చెదలు తినేసింది. కొత్త పలకలో కమాను కోయించాను. పాతదానికి లోపలి అంచు వెంట 5 మి.మీ. గుండు బీడింగ్ ఉండేది. రూటర్‌తో (చెక్కలో గాడులు కొట్టే కరెంటు మిషను) కొట్టిస్తే నమూనా ముక్క రెండుచోట్ల పెచ్చులూడింది. అసలు పలక పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది. చేత్తో చేసే దారి ఉందా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ఉందండీ. ముందు నమూనా ముక్క మీద చూసుకున్నారు, బతికిపోయారు. బీడింగ్ చిత్రిక కోసం వెతక్కండి. దాని అడుగు తిన్నగా ఉంటుంది, వంపులో కూర్చోదు. మీకు కావలసింది గీకే పనిముట్టు. మీరే చేసుకోవచ్చు, ఒక పూట పని.

మూలపడ్డ చేతిరంపం రేకులోంచి రెండంగుళాల ముక్క తీయండి. హాక్సా బ్లేడు చాలంటారు చాలామంది. గట్టి బ్లేడైతే ఆకురాయి దానిమీద జారిపోతుంది, ఓపిక చచ్చిపోతుంది. రంపం రేకు లొంగుతుంది. సన్నని గుండ్రటి ఆకురాయిని రేకుకి నిలువుగా పట్టి, అంచున అర్ధచంద్రంలా గుంట చేయండి. పక్కనే గాడి తీయడానికి చిన్న పన్ను మిగల్చండి. 5 మి.మీ. డ్రిల్ బిట్టు కాడ సందు లేకుండా ఆ గుంటలో కూర్చుంటే కొలత కుదిరినట్టే. తర్వాత రేకు రెండు ముఖాలూ నూనెరాయి మీద చదునుగా రుద్దండి.

ఎల్ ఆకారంలో కోసిన రెండు చెక్కముక్కల మధ్య రేకు పెట్టి స్క్రూలు బిగించండి. కిటుకంతా ఇక్కడే ఉంది. ఆ ఎల్‌లో కమాను అంచుకి ఆనుకుని జారే కాలు తిన్నగా ఉండకూడదు. ఉంటే వంపు లోపల దాని రెండు మూలలే తగులుతాయి, మధ్యలో సందు పడి బీడింగ్ సన్నబడుతుంది. ఆ కాలిని కోడిగుడ్డు పొట్టలా ఉబ్బుగా చెక్కండి. రేకు దగ్గర ఒక్కచోటే అంచుకి తగలాలి. మా మేనమామ దగ్గర పని నేర్చుకునేటప్పుడు ఉయ్యాల తలపలకకి తిన్నటి కాలుతోనే గీకేశాను. ఒకచోట శనగగింజంత, ఇంకోచోట బియ్యపుగింజంత వచ్చింది. మామయ్య పల్లెత్తు మాట అనలేదు. ఆ పలకని మాత్రం నెలరోజులు కొట్లో గోడకి తగిలించి ఉంచాడు.

ఇక గీకడం. పలకలో నార, అంటే చెక్క పోగులు, అడ్డంగా ఉందనుకుంటున్నాను. అలాగైతే కమాను కాళ్ల దగ్గర మొదలుపెట్టి నడినెత్తి దాకా రండి, రెండోవైపు నుంచీ అంతే. నెత్తి నుంచి కిందికి లాగితే నార లేస్తుంది. కాళ్ల దగ్గర గాడి నారకి అడ్డం పడుతుంది కాబట్టి, అక్కడ ముందే పదునైన కత్తిమొనతో గీత కోసిపెట్టుకోండి. పనిముట్టుని వెళ్లే దిక్కుకి కాస్త వాల్చి, బరువు వేయకుండా గీకండి. మొదటి పది పన్నెండుసార్లు ఏమీ జరగనట్టే ఉంటుంది. సన్నని పొట్టు చుట్టలు లేస్తుంటే పదును ఉన్నట్టు. పొడి రాలుతుంటే ఆగి, రేకు ముఖాలు మళ్లీ రాయి మీద రుద్దండి. టేకు పదునుని తొందరగా తినేస్తుంది, మధ్యలో రెండు మూడుసార్లయినా తప్పదు. రేకుని పట్టుకున్న ఎల్ చెక్కల అడుగు పలకకి ఆనాక పనిముట్టు దానంతట అదే కోయడం మానేస్తుంది.

కమాను కాలు స్తంభానికి కలిసేచోట చివరి సెంటీమీటరు దాకా పనిముట్టు వెళ్లదు. ఆ కాస్తా సన్న ఉలితో తీసుకోవాల్సిందే.