పిట్ట ముట్టకపోతే బతిలాడుతం గదా

ప్రశ్న: అక్కా, మాది హన్మకొండ, డిగ్రీ సెకండియర్. దోస్తు దగ్గర ఒక ఇంగ్లిష్ డార్క్ ఫాంటసీ నవల తెచ్చుకొని మూడు రాత్రులల్ల చదివేసిన. అండ్ల హీరోయిన్ నెక్రోమాన్సర్, అంటే సచ్చిపోయినోళ్లను లేపి పని చేపిచ్చుకుంటది. యుద్ధంల అస్థిపంజరాలు లేస్తాంటే మస్తు థ్రిల్ అనిపిచ్చింది గని చివర్ల తన తమ్ముణ్ణి గూడ లేపుతది, వాడు లేస్తడు, నడుస్తడు, చెప్పింది చేస్తడు, మాట్లాడడు. ఆడ నాకు ఏడుపాగలే. మా నాయినమ్మ పోయి ఐదు నెలలైంది. ఏడాది కాకముందు గిసొంటి బుక్కు ఇంట్ల ఉండొద్దని అమ్మ అంటాంది. చదువుడు తప్పా? నెక్రోమాన్సర్‌ను తెలుగుల మంత్రగాడు అనొచ్చా?

జవాబు: తప్పేం లేదు చెల్లె. నీకు ఏడుపొచ్చిన కాడనే ఆ నవల ప్రాణముంది, అస్థిపంజరాల కాడ కాదు.

గ్రీకుల నెక్రోస్ అంటే శవం, మాంటియా అంటే జోస్యం. మొదట్ల ఇది సచ్చినోళ్లను అడిగి తెలుసుకునుడే, పని చేపిచ్చుకునుడు కాదు. గ్రీకు కవి హోమర్ కావ్యం ఒడిస్సీల ఒడిస్యూస్ అనే వీరుడు గుంత తవ్వి గొర్రెల రక్తం పోస్తే ఆత్మలొచ్చి తాగి మాట్లాడుతయి. మన బేతాళుడైతే ఇంకా గట్టోడు. 11వ శతాబ్దంల సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంల ఉన్న కథే మనకు చందమామతోని ఇంటింటికి వచ్చింది, అండ్ల భిక్షువు రాజును పంపి శవాన్ని తెప్పిచ్చుకుందామనుకుంటడు, కని ఆ శవం ఊకుంటదా, తొవ్వ పొడుగునా కథలు చెప్తది, ప్రశ్నలేస్తది, రాజు నోరు తెరిస్తే మల్ల పోయి చెట్టెక్కుతది, ఆఖరికి భిక్షువు నిన్ను బలిస్తడు జాగ్రత్త అని చెప్పేది గూడ అదే.

నీ నవలల తమ్మునికి గా నోరు లేదు. జాంబీ, అంటే లేచి నడిచే శవం, అనే నమ్మకం కరీబియన్ దేశం హైతీల పుట్టింది, ఆడ చెరుకు తోటలల్ల ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు పనిచేసేటోళ్లు, సచ్చినంక గూడ లేపి గదే చాకిరీ చేపిస్తరేమో అన్నదే వాళ్ల భయం. మన దిక్కు వెట్టి ముచ్చట్లు, తండ్రి సస్తే అప్పు కొడుకు మీద పడి వాడు గూడ దొర కాడనే జీతముండుడు, ముసలోళ్ల నోట విన్నోళ్లకు ఇది చెప్పాల్సిన పనిలేదు.

మీ నాయినమ్మకు పిట్టకు పెట్టిన్నాడు నువ్వున్నవా? ఆమెకిష్టమైనయన్ని వండి ఇస్తార్ల పెట్టి అందరు దూరం జరిగి నిలవడుతరు, కాకి రాకపోతే ఒక్కొక్కలు పోయి దండం పెట్టి, ఏం మనసుల పెట్టుకున్నవే అవ్వా, పిల్లల్ని మేం సూసుకుంటంలే అని బతిలాడుతరు. పోయిన మనిషికి అలిగే హక్కు, వద్దనే హక్కు మనోళ్లు ఇంకా ఉంచిండ్రు. నవలల ఆ పిల్ల తమ్ముణ్ణి ఒక్కమాటన్న అడగలే, వస్తవా అని. నీకు అందుకే గుండె పిండినట్టయింది అనుకుంటున్న.

మంత్రగాడు అని మాత్రం రాయకు. చేతబడి చేసిండ్రన్న అనుమానంతోని మన ఊర్లల్ల మనుషులను కొట్టి సంపిండ్రు, ఆ మాటకు ఇంక నెత్తురు తడి ఆరలే. నెక్రోమాన్సర్ అనే ఉంచు, లేకపోతే శవాల్ని లేపేటోళ్లు అను.

అమ్మతోని కొట్లాడకు. బుక్కు దోస్తుకు వాపస్ ఇయ్యి, పెత్రమాసకు నాయినమ్మ పేరు మీద బియ్యమిచ్చి వచ్చినంక, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ పేర్చుకుంట గా తమ్ముని కథ నువ్వే అమ్మకు చెప్పు.