ఆడు మనోడు కాడు, అయితే ఏటి?

విజయనగరం

అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ మొన్న చేరింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. పలాసలో కూర్చుని అమెరికా మీద కథలేమిటని ఎవరో వెక్కిరించారని రాశావు. పట్టించుకోకు. డాలస్‌లో మీ అన్నయ్య వీసా కాగితాల కోసం టెన్షన్ పడుతుంటే ఇక్కడ మీ అమ్మ శనివారాలు పస్తుంటోంది కదా. ఆ దేశం నీకు పరాయిది ఎలా అవుతుంది?

అయితే కథ కుదరలేదు. కోపం తెచ్చుకోకుండా విను.

2016లో ఆరుగురు కుర్రాళ్ళు, తెల్లజాతి దురభిమానులు, ఒక గదిలో చేరి ట్రంప్‌కి జై కొడతారు. ఆరుగురిదీ ఒకటే గొంతు. పేర్లు చెరిపేస్తే ఏ మాట ఎవరిదో నువ్వు కూడా చెప్పలేవు. కానీ అలాంటివాళ్ళు నిజంగా చేసింది జై కొట్టడం ఒక్కటే కాదు, ముందు తమలో తాము కొట్టుకున్నారు. 2015 జూన్ 16న ట్రంప్ న్యూయార్క్‌లో సొంత భవనంలో ఎస్కలేటర్ మీంచి దిగి, పోటీ చేస్తున్నానన్నాడు. అప్పటిదాకా ఏ ప్రభుత్వ పదవీ చేసినవాడు కాదు. ఒకప్పుడు డెమొక్రాట్లకి చందాలిచ్చాడు. కూతురు యూదు మతం పుచ్చుకుని యూదుణ్ణి పెళ్ళాడింది. యూదులంటే పడనివాళ్ళకి ఇది చిన్న సంగతి కాదు. వీడు మనకి నాయకుడేమిటని ఒకడంటాడు. మనం గుసగుసగా అనుకునేది వీడు మైకులో అంటున్నాడు, అది చాలదా అని ఇంకొకడు. ఓట్లూ వద్దు గీట్లూ వద్దు, అంతా కూలిపోనీ అని మూడోవాడు. వయసు మళ్ళినవాడైతే 1968 అధ్యక్ష ఎన్నిక తీస్తాడు: నల్లవాళ్ళని వేరుగా ఉంచాలన్న జార్జ్ వాలెస్ ఐదు రాష్ట్రాలు గెలిచాడు, ఏం ఒరిగింది? 1992లోనూ 1996లోనూ, వలసలు ఆపాలన్న పాట్ బుకానన్‌కి రిపబ్లికన్ల టికెట్టే దక్కలేదు కదా?

నీ కథ ఆ గొడవలో ఉంది.

నా కుర్రతనంలో గంటస్తంభం దగ్గర ఒక టీ బడ్డీ ఉండేది. మున్సిపల్ ఎన్నికల రోజులు. మా వార్డులో ఒక కాంట్రాక్టరు ఏ పార్టీ లేకుండా నిలబడ్డాడు. మా వీధివాడు కాదు, వడ్డీలకి తిప్పుతాడని పేరు. బడ్డీ దగ్గర రోజూ పేచీ. మా టైలర్ మాత్రం చెవి వెనక సుద్దముక్క పెట్టుకుని, సాసర్లో టీ ఊదుకుంటూ వింటూ ఉండేవాడు. ఒకరోజు సాసరు దింపి అన్నాడు: "ఆడు మనోడు కాడ్రా. అయితే ఏటి? ఈళ్ళకి సురుకెడతాడా నేదా?" ఈళ్ళంటే అప్పటిదాకా కుర్చీలో ఉన్నవాళ్ళు. షాపు ముందు కాలవ మీద పలక వేయమని నాలుగేళ్ళు వాళ్ళ చుట్టూ తిరిగాడు. కాంట్రాక్టరు గెలిచాడు. ఆ వేళ టైలర్ అందరి టీ డబ్బులూ తనే ఇచ్చాడు. కాలవ మీద పలక ఆ తర్వాతా పడలేదు. ఆయన మళ్ళీ దాని ఊసెత్తగా నేను వినలేదు.

ఆ మాట నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నాను. ఎన్నికల మీద అంతకంటే పదునైన మాట నాకింకా దొరకలేదు. టైలర్‌నీ వాళ్ళనీ ఒకే గాటన కట్టడం లేదు సుమా. ఆయనకి ఎవరి పుట్టుక మీదా పగ లేదు. లెక్క మాత్రం అదే: తనకేం వస్తుందన్నది కాదు, అవతలివాడికి ఎంత మండుతుందన్నది. నీ ఆరుగురిలో ఒక్కడి చేత ఆ లెక్క వేయించు.

ఇంకొకటి, వాళ్ళ బూతులూ నినాదాలూ అన్ని పేజీల్లో దింపావు. అక్కర్లేదు. వాళ్ళ అసలు పనిముట్టు వెటకారం. ఒక కార్టూన్ కప్పబొమ్మని పట్టుకుని, నవ్వుతూ నవ్వుతూ విషం పంచారు. 2016 సెప్టెంబరుకి యూదుల హక్కుల సంస్థ ఒకటి దాన్ని ద్వేష చిహ్నాల జాబితాలోకి ఎక్కించాల్సి వచ్చింది. నిలదీస్తే "ఏదో సరదాకి అన్నాం" అంటారు. వెటకారం మనకి తెలియని విద్యా? పెళ్ళిలో విడిది దగ్గర జరిగేది గుర్తు తెచ్చుకుని రాయి, వస్తుంది.

మీ నాయనమ్మ పాత్ర "మన రామారావులాంటోడే" అంటుంది. ఆమె అనొచ్చు. 1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయిన మనిషిని ఆమె కళ్ళారా చూసింది. 1994లో మీ పక్క టెక్కలి నుంచి కూడా గెలిచాడాయన. కానీ ఆ పోలికని కథకురాలిగా నువ్వు ఎత్తుకున్నావు, అది కొట్టేశాను. రాజకీయాలకి బయటివాడు కావడం ఒక్కటే పోలిక. ఒకరు కిలో 2 రూపాయల బియ్యం అని జనాన్ని పోగేశారు, ఇంకొకరు గోడ కడతానని.

కథని గెలుపు రాత్రి దగ్గర ఆపేశావు. అక్కడ ఆపకు. 2017 ఏప్రిల్‌లో సిరియా మీద క్షిపణులు వేయగానే ఆ జై కొట్టినవాళ్ళలో కొందరు మోసపోయామన్నారు. 2024లో వాన్స్‌ని ఉపాధ్యక్ష పదవికి నిలబెడితే కొందరికి ఆయన భార్య ఉష కంట్లో నలుసైంది. ఆమె పెద్దలది పశ్చిమ గోదావరి వడ్లూరు. ఆ డిసెంబరులో చెన్నైలో పుట్టిన శ్రీరామ్ కృష్ణన్‌ని ఏఐ సలహాదారుగా తీసుకోగానే హెచ్-1బి మీద ట్రంప్ మనుషులే రెండుగా చీలి తిట్టుకున్నారు. మస్క్, వివేక్ రామస్వామి ఆ వీసా ఉండాలన్నారు. ట్రంప్ కూడా అది మంచిదే అన్నాడు. మరుసటి సెప్టెంబరులో కొత్త దరఖాస్తుకి లక్ష డాలర్ల ఫీజు పెట్టాడు. మీ అన్నయ్య ఫోన్ చేసి మాట్లాడకుండా ఉండిపోయాడన్నావే, అది ఉత్తరంలో రాశావు గానీ కథలో లేదు. ఆ ఫోన్ కథలోకి రావాలి.

ఆరుగుర్ని ముగ్గురు చెయ్యి. తిరగరాసి నువ్వే పట్టుకురా. పైడితల్లమ్మ సిరిమాను మంగళవారం మాత్రం రాకు, మూడు లాంతర్ల దగ్గర అడుగు తీసి అడుగు వెయ్యలేవు. జీడిపప్పు తేవద్దు, డాక్టరు మానెయ్యమన్నాడు. తెస్తే మాత్రం వేయించినవి తే.

ఇట్లు
మీ మాస్టారు