పోలాండ్‌లో శాకాహారులు: ఏవి తినొచ్చు, ఎక్కడ చూసుకోవాలి

ప్రశ్న: చదువు కోసం వార్సా వస్తున్నాం. మాంసం తినం, గుడ్డు పర్వాలేదు. అక్కడి వంటల్లో, స్వీట్లలో మాకు పనికొచ్చేవి ఉంటాయా?

ఉంటాయి, మీరు అనుకున్నదానికంటే ఎక్కువే. ఆలుగడ్డ, క్యాబేజీ, పుట్టగొడుగులు, త్వారుగ్ (పాలు విరగగొట్టి చేసే తాజా చీజ్) లేని పోలిష్ వంటిల్లు ఉండదు. చిక్కంతా ఎక్కడంటే, వంటకం పేరులో మాంసం కనిపించకపోయినా పైన చల్లినదాంట్లోనో, వేయించిన కొవ్వులోనో ఉంటుంది.

పియెరోగి రుస్కియె చూడండి. మన కజ్జికాయ ఆకారమే, కానీ నీళ్లలో ఉడికిస్తారు. లోపల ఆలుగడ్డ, త్వారుగ్, వేయించిన ఉల్లిపాయ. చాలాచోట్ల వడ్డించేటప్పుడు పైన స్క్వార్కి వేస్తారు, అంటే వేయించిన పందికొవ్వు ముక్కలు. ఆర్డర్ ఇచ్చేటప్పుడే "బెజ్ స్క్వారెక్" అని చెప్పండి. తర్వాత ముక్కలు ఏరేసినా లాభం లేదు, కరిగిన కొవ్వు అప్పటికే పట్టేస్తుంది.

సూప్‌లతో ఇంకా జాగ్రత్త. పోమిదొరోవా పేరుకి టమాటా సూపే అయినా చాలామంది రోసూవ్‌తో, అంటే కోడి లేదా గొడ్డుమాంసం ఉడికించిన నీళ్లతో చేస్తారు. పులియబెట్టిన రై పిండితో చేసే ఝురెక్ సూప్‌లో సాసేజ్ ఉంటుంది, అది తీయించినా సూప్ శాకాహారం కాదు. బీట్‌రూట్ బార్ష్చ్‌లో క్రిస్మస్ ముందురోజు చేసేది మాత్రం మాంసం లేకుండా చేస్తారు. ఆ రాత్రి భోజనంలో చేప ఉంటుంది, మాంసం ఉండదు.

చవగ్గా తినాలంటే బార్ మ్లెచ్నీకి, అంటే ఇంటివంటలాంటి భోజనం పెట్టే చవక క్యాంటీన్‌కి వెళ్లండి. మాంసం లేని వంటకాలకి అక్కడ ప్రభుత్వ సబ్సిడీ ఉంది. త్వారుగ్ పెట్టిన నలెష్నికి (పల్చటి పాన్‌కేకులు), పుల్లటి మీగడతో ఆలుగడ్డ ప్లాత్స్కి (తురిమిన ఆలుగడ్డ అట్లు) ధైర్యంగా అడగండి. రెండింట్లోనూ గుడ్డు ఉంటుంది.

ఇంట్లో పియెరోగి చేసుకోవడం మంచి పని, ఒకేసారి చేసి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. ప్యాకెట్ మీద 450 లేదా 500 రకం అని రాసి ఉండే గోధుమపిండి అర కిలో, చిటికెడు ఉప్పు, రెండు చెంచాల నూనె, 250 మిల్లీలీటర్ల వేడినీళ్లు. చల్లనీళ్లు పోస్తే పిండి సాగినట్టే సాగి వెనక్కి ముడుచుకుంటుంది, వేడినీళ్లతో మెత్తగా ఒత్తుకోవచ్చు. తడిబట్ట కప్పి అరగంట ఉంచండి. ఈలోగా అర కిలో ఆలుగడ్డలు ఉడికించి, నీరు వంచేసి, ఆవిరి పోయేదాకా పొయ్యిమీదే ఆరనిచ్చి మెదపండి. పూర్తిగా చల్లారాకే 250 గ్రాముల త్వారుగ్, వేయించిన పెద్ద ఉల్లిపాయ, ఉప్పు, దండిగా మిరియాలపొడి కలపండి. ఈ కూరు (లోపల పెట్టే ముద్ద) వేడిగా ఉన్నా, అంచుకి అంటినా పిండి అతుక్కోదు, ఉడికేటప్పుడు విచ్చుకుంటుంది. పిండిని రెండు మిల్లీమీటర్ల మందాన ఒత్తి, గ్లాసుతో గుండ్రంగా కోసి, చెంచాడు కూరు పెట్టి మూయండి. మరిగే ఉప్పునీళ్లలో కొన్ని కొన్నిగా వేసి, పైకి తేలాక రెండు మూడు నిమిషాలకి తీసేయండి.

త్వారుగ్‌ని పనీర్ బదులు కూరలో వేయకండి. పుల్లగా, పొడిపొడిగా ఉంటుంది, వేడికి విడిపోతుంది.

ఇక స్వీట్లు. లెంట్‌కి, అంటే ఈస్టర్ ముందరి ఉపవాసకాలానికి ముందు వచ్చే ఆఖరి గురువారం ఊరంతా పోంచ్కి (లోపల జామ్ లాంటిది పెట్టిన డోనట్లు) తింటుంది. పాతకాలపు బేకరీలు వాటిని స్మాలెట్స్‌లో, అంటే పందికొవ్వులో వేయించడం గొప్పగా చెప్పుకుంటాయి. "నా చిమ్ స్మజోనె?" అంటే దేనిలో వేయించారని. "ఓలెయ్" అంటే నూనె. గలరెత్కా (జెల్లీ), కాల్చకుండా గడ్డకట్టించే సెర్నిక్ (త్వారుగ్ చీజ్‌కేక్)లలో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల నుంచి తీసేది. గంజిపిండితో చిక్కబడే పండ్ల స్వీటు కిషెల్‌లో దాని అవసరం లేదు. మకోవియెత్స్ అనే చుట్ట కేకులో నిండుగా గసగసాలే, కాకపోతే ఇక్కడివి నీలం రంగువి. పాలు, పంచదార, వెన్నతో చేసే క్రూఫ్కి పాలకోవా ఇష్టపడేవాళ్లకి బాగా నచ్చుతుంది.

ప్యాకెట్ వెనక గుడ్డు, పాలు లాంటి అలర్జీ పదార్థాలే బొద్దు అక్షరాల్లో కనిపిస్తాయి. "స్మాలెట్స్" (smalec), "ఝెలాతినా" (żelatyna, అంటే జెలటిన్) ఆ కోవలోకి రావు, మామూలు అక్షరాల్లో మధ్యలో ఎక్కడో ఉంటాయి. పోలిష్ స్పెల్లింగుతో ఆ రెండు మాటలూ ఫోన్‌లో రాసిపెట్టుకుని, కొనేముందు జాబితా అంతా చదవండి.