ఐరన్ వేడిగానే ఉంది, లెడ్ మాత్రం కరగడం లేదు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

సోల్డరింగ్ ఐరన్ పెట్టి అరగంటైనా లెడ్, అదే అతికించే టంకం తీగ, మెత్తబడను కూడా లేదని, కొత్తది కొనేస్తానని నిన్న ఫోన్లో అన్నావు. అప్పుడే కొనకు నాన్నా. వేడి అసలు పుట్టడం లేదా, పుట్టిన వేడి లెడ్ దాకా రావడం లేదా? ముందు అది తేల్చుకో. నేను చూసినంతలో ఎక్కువసార్లు రెండోదే.

తడి స్పాంజికి బిట్, అంటే ఐరన్ ముందుండే ముక్క, తాకిస్తే చుర్రుమంటోంది అన్నావు. అది చాలదు. నీళ్లు 100 డిగ్రీలకే మరుగుతాయి, 60/40 లెడ్ (60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం) పూర్తిగా కరగాలంటే 190 దాకా కావాలి. కొసన కాకుండా బిట్ మొదట్లో, హీటర్ ఉండే గొట్టం పక్కన లెడ్ ఆనించి చూడు. అక్కడ కరిగి కొసన కరగకపోతే హీటర్ బాగానే ఉన్నట్టు.

ఎక్కడా కరగకపోతే ప్లగ్ తీసేసి, ఐరన్ చల్లారాక రెండు పిన్నుల మధ్య మల్టీమీటర్ పెట్టు. నీది తీగ చుట్టిన 25 వాట్లది కాబట్టి 2,100 ఓంల చుట్టుపక్కల చూపించాలి. ఏమీ చూపించకపోతే పిడి దగ్గర వైరు వంచుతూ చూడు, తరచూ తెగేది అక్కడే. పిన్నుకీ బయటి గొట్టానికీ మధ్య రీడింగ్ వస్తే మాత్రం ఆ ఐరన్ మళ్లీ ముట్టుకోకు, షాక్ కొడుతుంది. మీ ఊళ్లో మోటార్లు వేసే వేళకు వోల్టేజీ పడిపోతుందిగా, అదీ చూసుకో. 230 ఉండాల్సింది 180కి దిగితే 25 వాట్ల ఐరన్ 15 వాట్ల పనే చేస్తుంది.

ఇక బిట్ సంగతి. మీ అమ్మమ్మ ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించేటప్పుడు నేను పక్కనే కూర్చుని చూసేవాణ్ణి. గిన్నె ఎర్రగా కాల్చి, నవాసాగరం చల్లి, తగరం తాకించి, దూదితో ఒక్కసారి తిప్పితే లోపలంతా వెండిలా మెరిసేది. నవాసాగరం చల్లకపోతే తగరం ముద్దలై దొర్లేది తప్ప పట్టేది కాదు. బిట్‌కి టిన్నింగ్ అంటే అదే. నల్లబడ్డ కొస మీద ఉన్నది మసి కాదు, లోహం గాలికి మాడి కట్టిన పొర. వేడిని అది దాటనివ్వదు.

లోపలంతా రాగే ఉన్న బిట్ అయితే చల్లగా ఉన్నప్పుడు ఆకురాయితో రుద్ది ఎర్రరాగి తేలేలా చెయ్యి. ఫ్లక్స్ (నవాసాగరంలాగే ఆ పొర వదిలించే మందు) రాసి ఐరన్ పెట్టు, వేడెక్కుతుండగానే లెడ్ తాకిస్తూ ఉండు. రాగి రంగు మారేదాకా ఆగావంటే మళ్లీ మొదటికొస్తుంది. తెల్లగా మెరిసే పూత బిట్ అయితే ఆకురాయి తగలనివ్వకు. పని నేర్చుకునే రోజుల్లో నేను అలా ఒకటి అరగదీశాను. పైన ఇనుప పూత పోయి, లోపలి రాగిని లెడ్ తినేసి, వారం తిరక్కుండా కొసన గుంట పడింది. దానికి వేడి మీద ఫ్లక్స్‌లో ముంచడం, ఇత్తడి పీచుతో తుడవడం, లెడ్ పట్టించడం, అంతే. నాలుగైదు సార్లు చేస్తే తెలుపు తిరుగుతుంది.

కొస శుభ్రంగా ఉన్నా కరగకపోతే స్క్రూ వదులు చేసి, బిట్ బయటికి లాగి, గొట్టంలోని నల్లపొడి దులిపెయ్యి. బిట్ లోపలికంటా దూర్చి బిగించు. ఇది కూడా చల్లారాకే.

లెడ్ చుట్ట మీద ఏం రాసుందో చదివావా? సీసం లేని రకమైతే 217 నుంచి 227 డిగ్రీలు అడుగుతుంది, నీ చిన్న ఐరన్‌కి అది కష్టం. విడిభాగాల చిన్న కాళ్ల దగ్గర కరిగి, బోర్డులో వెడల్పాటి గ్రౌండ్ రాగి దగ్గర గడ్డకడుతోందంటే తప్పు ఐరన్‌ది కాదు. ఆ రాగి వేడంతా లాగేస్తుంది, దానికి 60 వాట్లది వాడాలి. ఒత్తి పట్టుకుని నిలబడితే ట్రాక్, అంటే బోర్డు మీది రాగి గీత, లేచిపోతుంది. ఫ్యాన్ గాలి కూడా నేరుగా తగలనివ్వకు.

పని అయ్యాక కొస తుడిచి వదిలెయ్యకు, కాస్త లెడ్ కప్పి అప్పుడు స్విచ్ ఆపు. అన్నం తినే ముందు చేతులు సబ్బుతో కడుక్కో, అది సీసం నాన్నా.

ఆదివారం వస్తున్నాను. పాత బిట్ పారెయ్యకు, నా ఆకురాయి తెస్తాను.

మీ మామయ్య